పెనుగొండ సంకెలలు, ఫ్లారెన్సు చితి: 15వ శతాబ్ది భక్తియందు భోగనిరసన స్వరూపము

ఐరోపా ఖండమున 14వ శతాబ్ది మొదలు 16వ శతాబ్ది వఱకు సాగిన సాంస్కృతిక పునరుజ్జీవనమును మన తరగతులలో బోధించునప్పుడు చిత్రకళ, శిల్పము, ప్రాచీన గ్రంథాన్వేషణము, మానవతావాదము అను నాలుగు మాటలతో దానిని ముగించుట పరిపాటియైనది. ఆ వైభవము నడుమనుండియే ఆ వైభవమును దహింపబూనిన మతావేశ మొకటి పుట్టినదను సంగతి సామాన్యముగ ప్రస్తావనకు రాదు. తెనుగున విజయనగర యుగమును బోధించునప్పుడును ఇట్టి లోపమే కానవచ్చును. భువనవిజయము, అష్టదిగ్గజములు, కనకాభిషేకములు ఒక పాఠము. అన్నమాచార్యుని రాజతిరస్కారము, ధూర్జటి రాజదూషణము, వేమన వైరాగ్యము వేఱొక పాఠము. ఈ రెండు పాఠములకును మూలమైన సమాజ మొక్కటే యనియు, ఒకదానికి మఱియొకటి ప్రత్యుత్తరమనియు చూచువారు తక్కువ. అంతేకాదు, పై మువ్వురిని "వైరాగ్యము" అను నొక్క శీర్షిక క్రింద చేర్చుటవలన వారి నడుమగల భేదము పూర్తిగా మఱుగుపడిపోయినది. ఆ భేదమును తేటపఱచుటయే ఈ వ్యాసమునందలి ప్రధానోద్దేశము.

మొదట మాటను నిర్ణయించుకొందము. నే నిచట భోగనిరసనమనుచున్నది సన్న్యాసము కాదు. సన్న్యాస మొక ఆశ్రమము; దానిని స్వీకరించినవాడు సంఘమును విడిచి వెడలును, సంఘము అతనికి నమస్కరించి తన పని తాను చేసికొనును. భోగనిరసనమట్టిది కాదు. సంఘమధ్యమున నిలిచి, ఆ సంఘము ప్రియముగ కూడబెట్టుకొన్నదానిని చూపి, "ఇది కూడదు" అని పలుకుట అది. ఆ పలికినవానికి శ్రోతలును కావలెను, విరోధులును కావలెను.

దీనికి ఐరోపాలో ప్రసిద్ధోదాహరణము గిరోలామో సవొనరోలా. ఇతడు 1452లో ఇటలీదేశపు ఫెరారా నగరమున జన్మించి, డొమినికను సంప్రదాయమున సన్న్యసించి, ఫ్లారెన్సు నగరమందలి సాన్ మార్కో మఠమునకు 1491లో అధిపతి యయ్యెను. ఫ్లారెన్సు అప్పటికి మెడిచీ వంశీయుల చేతిలో నుండెను. వారు రాజులు కారు. వడ్డీవ్యాపారమున గడించిన ధనముతో నగరమును నడపిన శ్రేష్ఠులు. 1492లో లొరెంజో మెడిచీ మరణించెను. 1494లో ఫ్రాన్సు రాజు 8వ చార్లెసు ఇటలీపై దండెత్తివచ్చిన సంక్షోభమున లొరెంజో కుమారుడైన పియెరో నగరమునుండి వెడలగొట్టబడెను. పాలకులు లేని ఆ నగరమున ఈ సన్న్యాసి వాక్కునకు శాసనబలము చేకూరెను. పరమేశ్వరుని శిక్ష రానున్నదని, పశ్చాత్తాపమే శరణమని ఇతడు బోధించుచుండగా ప్రధానాలయము జనముతో క్రిక్కిఱిసిపోయెడిది.

1497 ఫిబ్రవరి 7వ తేదీన, అనగా ఉపవాసదీక్షారంభమునకు ముందు వినోదములతో గడుపు ఉత్సవదినమున, నగరమధ్యమందలి విశాలమైన అంగణమున ఒక మహాచితి పేర్చబడెను. దానికి కావలసిన ద్రవ్యమును బాలుర గుంపులు ఇంటింట తిరిగి పోగుచేసినవి. అద్దములు, అంగరాగములు, సుగంధతైలములు, సవరములు, జూదపు పాచికలు, ఆటచీట్లు, వాద్యములు, చిత్రపటములు, బొకాచియో మొదలగువారి గ్రంథములు అందు చేరినవి. గీతములు పాడుచు దానికి నిప్పంటించిరి. ప్రసిద్ధ చిత్రకారుడైన బొటిచెల్లి తన పటములను తానే ఆ మంటలో వేసెనని తఱచుగా వ్రాయుచుందురు; కాని దానికి సమకాలిక సాక్ష్యము లేదు. పటములు కాలినవనుట నిజము, ఎవరెవరివి కాలినవో చెప్పుట కష్టము. మఱుసటి సంవత్సరమున ఇట్టి చితి మఱియొకటి పేర్చబడెను. ఈలోపల 1497 మే నెలలో పోపు 6వ అలెగ్జాండరు ఇతనిని మతబహిష్కృతుని గావించియుండెను. 1498 మే 23వ తేదీన, చితి పేర్చిన ఆ అంగణమునందే, ఇతనిని ఇద్దరు శిష్యులతో గూడ ఉరిదీసి, దేహములను దహించి, బూడిదను ఆర్నో నదిలో కలిపిరి.

ఇచట ఒక విశేషమును గమనింపవలెను. సవొనరోలా నివసించిన సాన్ మార్కో మఠమును అంత సుందరముగ కట్టించినది మెడిచీ వంశమువాడైన కోసిమో. అతడు వడ్డీధనపు పాపమునకు ప్రాయశ్చిత్తముగ ఆ మఠముపై వ్యయము చేసెనని చరిత్రకారులు వ్రాయుదురు. మెడిచీల పతనానంతరము వారి గ్రంథభాండారమును కాపాడినదియు ఆ మఠమే. కావున ఆ సన్న్యాసి గ్రంథద్వేషి యనుట సరికాదు. అతడు ద్వేషించినది ధనికుల గృహములందలి వస్తువులను. ఆ చితికి వారు పెట్టిన పేరు మన చర్చకు ముఖ్యమైనది: అది "వానితా"ల దహనము. లాటినులో ఆ మాటకు మూలార్థము శూన్యత, వ్యర్థత. అద్దము చెడ్డదనికాదు, అది ఉత్తదని భావము. ఉత్తదానిని ఇంకొకరికి సమర్పింపరాదు, దాచుకొనరాదు. కాల్చివేయుటయే దానికి తగిన గతి.

ఇంచుమించుగా ఇదే కాలమున మన దేశమున ఏమి జరుగుచుండెను?

అనంతపుర మండలపు మెట్టభూముల నడుమ పెనుగొండ యున్నది. 2022లో జిల్లాల పునర్విభజనము జరిగినపిమ్మట అది శ్రీ సత్యసాయి జిల్లాకు చేరినది. 1565లో రాక్షసతంగడి యుద్ధానంతరము విజయనగర ప్రభువులు దీనిని రాజధానిగ చేసికొనిరను విషయ మందఱెఱిగినదే. అంతకు నూఱేండ్లకు పైగా ముందే అది గొప్ప దుర్గము. తాళ్లపాక అన్నమాచార్యుని జీవితమునందలి అతిముఖ్యమైన ఘట్టము ఇచటనే జరిగినట్లు ఆయన మనుమడు చిన్నన్న (చినతిరువేంగళనాథుడు) ద్విపదగా రచించిన అన్నమాచార్య చరిత్రము చెప్పుచున్నది. వేటూరి ప్రభాకరశాస్త్రిగారి విపులమైన పీఠికతో 1949లో తిరుపతినుండి వెలువడిన ఈ గ్రంథమే మనకు ప్రధానాధారము.

కథ ప్రసిద్ధము గనుక క్లుప్తముగ చెప్పెదను. టంగుటూరి ప్రభువైన సాళువ నరసింహరాయడు అన్నమాచార్యుని ఆదరించెను. ఐశ్వర్యము పెరిగి పెనుగొండకు చేరినపిమ్మట ఆయనను తన సభకు పిలిపించి, శ్రీవేంకటేశ్వరునిపై ఒక శృంగారపదమును పాడించుకొని విని పరవశుడై, తనపై గూడ అట్టి పదమొకటి చెప్పుమని కోరెను. ఆచార్యుడు చెవులు మూసికొని హరినామము స్మరించి నిరాకరించెను. రాజు క్రుద్ధుడై సంకెలలు వేయించెను. ఆచార్యుడు సంకీర్తనముచేత స్వామిని ప్రార్థింపగా సంకెలలు ఊడిపడెను. రాజు పశ్చాత్తప్తుడై పాదములపై పడెను.

ఈ సాళువ నరసింహుడే 1485లో విజయనగర సింహాసనము నాక్రమించి 1491 వఱకు పాలించినవాడు. అన్నమాచార్యుడు పరమపదించినది తామ్రపత్రిక ననుసరించి శాలివాహన శకము 1424 దుందుభి సంవత్సర ఫాల్గుణ బహుళ ద్వాదశి, అనగా క్రీ.శ. 1503. ఆయన జననమును కొందఱు 1408గాను, కొందఱు 1424గాను లెక్కింతురు. తామ్రపత్రికలో పేర్కొన్న 1346 శకవర్షము స్వామి సాక్షాత్కారమునకు సంబంధించినదా, జననమునకు సంబంధించినదా యనుటనుబట్టి ఆ భేదము వచ్చినది. మన చర్చకు ఏది యైనను బాధ లేదు. ఫ్లారెన్సులో చితి రగిలినప్పుడు తిరుమలలో వృద్ధుడైన అన్నమాచార్యుడు జీవించియే యుండెను.

సంకెలలు ఊడుట భక్తుల విశ్వాసమునకు సంబంధించిన విషయము. దానిని చారిత్రకముగ రుజువు చేయవలసిన పనియు లేదు, ఖండింపవలసిన పనియు లేదు. పరిశోధకుడు విడువరాని ప్రశ్న వేఱొకటి కలదు. ఈ కథను ఇట్లు చెప్పినవా రెవరు? చిన్నన్న పెదతిరుమలాచార్యుని కుమారుడు. ఆ పెదతిరుమలాచార్యుడు అచ్యుతదేవరాయల కాలమున తిరుమల ఆలయమునకు గ్రామములను, ధనమును సమర్పించినట్లు శాసనములు ఘోషించుచున్నవి. తాళ్లపాకవారి సంకీర్తనములను వేలకొలది రాగిరేకులపై చెక్కించుట కెంత ధనము కావలసియుండునో ఊహింపవచ్చును. ఇట్లు రాజాశ్రయమున, సంపదలో వర్ధిల్లిన కుటుంబము తన మూలపురుషుని గూర్చి చెప్పుకొన్న ప్రధానకథ రాజును తిరస్కరించిన కథ! ఇది వైరుధ్యముగ తోచవచ్చును. నాకట్లు తోచదు. ఆ కథ ఒక హద్దును గీయుచున్నది. రాజునుండి గ్రామమును పుచ్చుకొనవచ్చును, అది స్వామికి చేరునుగనుక. రాజునకు పదమును మాత్రము ఈయరాదు, అది స్వామిదిగనుక. ఆ కుటుంబము అదే హద్దులో జీవించినది, దానికి శాస్త్రము వంటిది ఈ కథ.

ఇపుడు ఆ తిరస్కారమును సవొనరోలా తిరస్కారముతో పోల్చి చూడుడు. అన్నమాచార్యుని శృంగారపదములలో లేని భోగమేది? కస్తూరి, కప్పురము, పునుగు, పూలపాన్పులు, మణిహారములు, దర్పణము, తాంబూలము అన్నియు గలవు. ఫ్లారెన్సు బాలురు ఇంటింట గుంజుకొనిపోయిన వస్తువులలో పెక్కు తిరుమలలో స్వామి నిత్యోపచారములైయున్నవి. అన్నమాచార్యుడు వానిని నిందింపలేదు. వానికి తగిన భోక్త ఎవడను ప్రశ్న వేసినాడు. భోక్త పరమాత్ముడైనప్పుడు అది సేవ, నరుడైనప్పుడు అది అపచారము. రాజు కోరినది సువర్ణమును కాదు, రాజ్యమును కాదు, ఒక పదమును మాత్రమే. అయినను ప్రాణము పోయినను ఈయదగనిది అదియే.

ఈ భావము భాషలోనే నిలిచియున్నది. "భోగము" అనునది మనకు రాజుల విలాసమునకును, దేవుని నైవేద్యమునకును ఒక్కటే మాట. శాసనములలో అంగరంగభోగములకని గ్రామములిచ్చుట సర్వసామాన్యము. భోగమండపము దేవాలయమున నుండును. లాటిను మాట శూన్యతను చెప్పగా మన మాట అనుభవమును చెప్పుచున్నది. ఒకదానికి నిప్పు పరిహారము, మఱియొకదానికి సమర్పణము పరిహారము. మాట యొక్కటియే చరిత్రను నడిపినదని నే ననను. కాని ఫ్లారెన్సు చితికి సరియైన ప్రతిరూపమును పెనుగొండలో వెదకి దొరకక విసిగిన విద్యార్థి మొదట ఈ రెండు మాటలను ప్రక్కప్రక్కన పెట్టుకొనవలెను.

అంతమాత్రమున మన దేశమున మతావేశము మృదువైనదని చెప్పుకొని సంతోషించుట తగదు. పెనుగొండ పేరే దానికి సాక్షి. శ్రవణబెళగొళయందలి 1368 నాటి శాసనమున ఆనెగొంది, హొసపట్టణము, పెనుగొండ మొదలగు స్థలముల జైనులు తమకు వైష్ణవులవలన కలుగుచున్న అన్యాయమును బుక్కరాయలతో మొఱపెట్టుకొన్నట్లున్నది. రాయలు జైనుల చేతిని వైష్ణవుల చేతిలో నుంచి, రెండు దర్శనములకును భేదము లేదని పలికి, పంచమహావాద్యములకును కలశమునకును జైనులకు పూర్వపు హక్కు చెల్లునని నిర్ణయించెను. కలహము దేనిపై వచ్చినదో గమనింపుడు. వాద్యములు, కలశము! అనగా వైభవము. ఫ్లారెన్సులో మతావేశము వైభవమును నాశనము చేయబూనినది. ఇచట మతావేశము వైభవమునందు ఎవరికి హక్కు గలదని పోరాడినది. పోరాటము రెండుచోటులను పోరాటమే.

దేవునికి సమర్పింపబడిన భోగ మేమైనదను ప్రశ్న ఆర్థికచరిత్రకు సంబంధించినది. సాహిత్యవిద్యార్థులు దీనిని చరిత్రశాఖవారికి వదలివేయుట నాకు సమ్మతము కాదు. తిరుమల శాసనములను పరిశీలించి 1960లో బర్టన్ స్టైను ప్రకటించిన వ్యాసమువలన ఒక క్రమము స్పష్టమైనది. దాత ధనమిచ్చును. ఆలయాధికారులు ఆ ధనముతో ఆలయగ్రామములలో చెఱువులు త్రవ్వింతురు, కాలువలు తీయింతురు. అందువలన పెరిగిన పంటతో దాత పేర నిత్యనైవేద్యము జరుగును. నివేదితప్రసాదమున నాల్గవవంతు సామాన్యముగ దాతకు, లేదా అతడు నియమించినవారికి చేరును. సాళువ నరసింహుని కాలముననే ఈ పద్ధతి బాగుగ విస్తరించినది. ఏటికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురియు మా అనంతపుర మండలమువంటి మెట్టసీమలో నిలిచి చూచినవానికి చెఱువుగా మాఱిన బంగారమునకును బూడిదగా మాఱిన అద్దమునకును గల అంతరము వేఱుగ చెప్పనక్కఱలేదు. ఈ ఊరికి పేరు వచ్చినదియు ఒక చెఱువు వలననే గదా.

అయితే దీనికి రెండవ ప్రక్కయు కలదు. 1514లో శ్రీకృష్ణదేవరాయలు తిరుమలలో 30,000 బంగారు నాణెములతో స్వామికి కనకాభిషేకము చేసెను. ఆ బంగారమంతయు కాలువలుగ ప్రవహించినదనుకొనుట అమాయకత్వము. ప్రసాదమున నాల్గవవంతు దాతది కాగా మిగిలినది ఆలయోద్యోగులది, ఆచార్యపురుషులది. పొలము దున్నినవాని భాగము ఆ లెక్కలో కానరాదు. లేపాక్షిని చూడుడు. అచ్యుతరాయల కాలమున విరూపన్న, వీరన్న అను సోదరులు విస్తరింపజేసిన ఆ వీరభద్రాలయపు కప్పుపై చిత్రములలో పొడవైన కుళ్లాయిలు, అంచులు దీర్చిన చీరలు, ఆభరణములు ధరించిన రాజపురుషులును స్త్రీలును బారులు తీరియున్నారు. భోగము దేవునికి సమర్పింపబడినదో, సమర్పించినవారి భోగమే గోడకెక్కినదో చెప్పుట కష్టము. రాజధనమును అనుమతి లేక ఆలయమునకు వ్యయము చేసెనన్న నేరముపై విరూపన్న తన కన్నులు తానే పెఱికికొని గోడకు కొట్టెనను జనశ్రుతి నేటికిని అచట వినవచ్చును. అసంపూర్ణమైన కల్యాణమండపము ఆ కథకు తోడు నిలిచినది. కథ నిజము కాకపోవచ్చును. దేవుని భోగమునకు ఖజానా భరింపవలసిన వెలయెంతయో ప్రజలకు తెలిసియుండెననుటకు మాత్రము అది ప్రమాణమే.

ధూర్జటిని గూర్చి ఎక్కువగ చెప్పను. కాళహస్తీశ్వర శతకమునందలి రాజదూషణము అన్నమాచార్యుని నిరాకరణముకంటె తీక్ష్ణమైనది; అందు రాజసేవ నరకతుల్యముగ వర్ణింపబడినది. కాని సంప్రదాయము ధూర్జటిని రాయల ఆస్థానకవులలో నొకనిగ చెప్పుచున్నది. అతని నిరసనము భోగమును చవిచూచినవాని రోత. అందుచేతనే అందు కోపముతో గూడ ఆత్మనిందయు తొణికిసలాడుచుండును. దానిని అన్నమాచార్యుని నిశ్చలతతో కలిపి ఒకే శీర్షిక క్రింద పెట్టుట విమర్శనమునకు మేలు చేయదు.

వేమనతో మార్గమే మాఱిపోయినది. ఆయన కాలమును గూర్చి వాదములున్నను 17వ శతాబ్దివాడని పెక్కుమంది అభిప్రాయము. కదిరి సమీపమున కటారుపల్లెలో ఆయన సమాధి యున్నది. భోగముననుభవించి, వేశ్యాలోలుడై, పరుసవేదిని వెదకి, తుదకు యోగియైనట్లు కథలున్నవి. ఆ కథలను ప్రక్కకు నెట్టి పద్యములను మాత్రమే చూచినను ఒక విషయము నిస్సంశయము. అన్నమాచార్యుడు రాజునుండి తప్పించి దేవునికి చేర్చిన భోగమును వేమన దేవునినుండి గూడ తప్పించినాడు. రాతిప్రతిమకు చేయు ఉపచారము, తీర్థయాత్ర, వేషము, కులగర్వము ఏదియు ఆయన చేతిలో మిగులలేదు. విజయనగరము కూలినపిదప పాలెగాండ్ర కలహములతోను, కఱవులతోను నలిగిన సీమలో పుట్టిన వాక్కు అది. అంగరంగభోగములు జరుపుటకు ధనమే లేని ఊరివాడు వినదగిన వాక్కు. ఈ తుదిమెట్టుపై నిలిచి చూచినచో వేమనయే సవొనరోలాకు కొంత సమీపముగ కన్పట్టును, ఉభయులకును భోగము వ్యర్థమే గనుక. కాని సవొనరోలాకు నగరసభ, పీఠము, బాలసైన్యము నుండెను. వేమనకు ఆటవెలది యుండెను. అద్దములను కాల్చుమని ఆయన యెవరిని ఆజ్ఞాపింపలేదు. అద్దములోని ముఖమును చూచి నవ్వినాడు. అందుచేత ఆయనను కాల్చినవారును లేరు.

ప్రతిమాపూజను గేలిచేసిన ఆ యోగి సమాధికి నేడు కటారుపల్లెలో పూజలు జరుగుచున్నవి. దీనిని పరిహాసముగ తీసికొనువారున్నారు. భోగమును ఎవరికో ఒకరికి సమర్పింపక నిలువలేని సంప్రదాయము తనను నిరసించినవానిని గూడ భోక్తను చేసికొన్నదని నే ననుకొందును. ఫ్లారెన్సులో సవొనరోలా మరణించిన చోట నేలపై ఒక వృత్తశిల మాత్రము నాటబడినది.

ఈ విషయమున కృషి చేయదలచిన పరిశోధక విద్యార్థులకు ఒక దారి చూపగలను. అనంతపుర మండలమునందలి రాళ్లపల్లి గ్రామమున జన్మించిన రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు వేమనపై చేసిన ఉపన్యాసములు 1929లో గ్రంథరూపమున వెలువడినవి. ఆయనయే తరువాతి కాలమున తిరుపతిలో అన్నమాచార్యుని సంకీర్తనములను పరిష్కరించి, పెక్కింటికి స్వరరచన చేసిరి. దేవుని భోగమును గానము చేసిన కవియు, దానిని నిరసించిన కవియు ఒక్క పండితుని చేతిమీదుగా మనకు సంస్కృతరూపమున అందిరి. ఆ ఉపన్యాసములను, ఆ సంకీర్తన సంపుటముల పీఠికలను, తిరుమల శాసనసంపుటములను ఒక్కచోట పెట్టుకొని చదివిన సిద్ధాంతవ్యాసము నా కెఱుకలో ఇంతవఱకు రాలేదు.